తాళం ఇచ్చిన తారీఖు

నందిని మైన్స్‌లో రిటైర్మెంటు నెలాఖరున వస్తుంది. పుట్టినరోజు ఏ తారీఖున పడ్డా ఆ నెల చివరిదాకా డ్యూటీ చేసి, ఆఖరి రోజున ఆఫీసులో శాలువా కప్పించుకుని, పూలదండ, మిఠాయి డబ్బా పట్టుకుని ఇంటికొస్తారు. వీధివాళ్లు వచ్చి కూర్చుంటారు, టీలు అవుతాయి. అందరూ వెళ్లిపోయాక భార్యాభర్తలు మాట్లాడుకునే మొదటి మాట కంపెనీ క్వార్టరు గురించే. ఎప్పటిదాకా ఉండనిస్తారు, ఆ తరవాత ఎక్కడికి.

బడిలో వేసేనాడు పుట్టిన తేదీ ఎవరికీ గుర్తులేక పంతులుగారు జూలై 1 అని రాసేసినవాళ్లు మా నాన్నల తరంలో చాలామంది. కాగితంలో ఒకటో తారీఖు ఉంటే అంతకుముందు నెలాఖరుకే దిగిపోవాలి. అంటే జూన్ 30. బడులు అప్పుడే తెరిచి ఉంటాయి, వానలు పట్టుకుని ఉంటాయి. అక్టోబరులోనో నవంబరులోనో దిగేవాళ్లకైతే పిల్లల పరీక్షలు ఇంకా నాలుగైదు నెలల దూరంలో ఉంటాయి. పన్నెండో తరగతి చదివే పిల్లను మధ్యలో లేపి ఏ ఊరు తీసుకెళ్తారు? మాఘంలో ముహూర్తం పెట్టుకున్న ఇంట్లోంచి దీపావళికి సామాను ఎలా కదుపుతారు? క్వార్టరులో గడువు దాటి ఉండిపోవడం చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది, ఇంకొక్క రెండు నెలలు అనుకుంటూ.

మా ఊరు నందిని ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, భిలాయికి ఉత్తరంగా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, అహివారా పక్కన ఉంది. ఊరంతటికీ ఆధారం సున్నపురాయి. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి భిలాయిలో ఉక్కు కర్మాగారం లేచింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దక్షిణాన దల్లీ-రాజహరా కొండల నుంచి ఇనుప రాయి వస్తే, ఉత్తరాన మా నందిని నుంచి సున్నపురాయి వెళ్లేది. కొలిమిలో ఇనుప రాయిలోని ఇసుకనీ మలినాన్నీ పట్టి చిట్టెంగా విడదీసేది ఈ సున్నపురాయే. ఇక్కడివాళ్లు గనిని ఖదాన్ అంటారు. మా ఇళ్లలో అమ్మమ్మలు కూడా ఖదానే అనేవారు.

ఆ ఖదాన్‌కీ, భిలాయి ఫ్యాక్టరీకీ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనుషులు కదిలారు. 1931 నాటికే విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్‌దాకా రైలు దారి ఉంది. ఒకడు వచ్చి కుదురుకున్నాక తమ్ముణ్ణి, బావమరిదిని, ఊళ్లో పక్కింటివాణ్ణి పిలిపించుకున్నాడు. భిలాయి క్యాంపులోనూ ఖుర్సీపార్‌లోనూ ఇప్పటికీ వీధి వీధంతా ఉత్తరాంధ్ర యాసే వినిపిస్తుంది. సెక్టార్-5 బాలాజీ గుడి ముందు వైకుంఠ ఏకాదశినాడు నిలబడితే ఏ జిల్లాలో ఉన్నామో మరిచిపోతాం. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖపట్నం మధ్య వందే భారత్ కూడా తిరుగుతోంది. రావడానికీ పోవడానికీ దారి బాగుపడింది. వెళ్లేటప్పుడు ఇల్లు విడిచే లెక్క మాత్రం మూడు తరాలుగా బాగుపడలేదు.

ఇంటి లెక్క మా వాళ్లకు రెండు రకాలుగా తగులుతుంది. తండ్రి కంపెనీ క్వార్టరులో ఉండాల్సిన దానికంటే ఎక్కువ రోజులు ఉండి బాకీ పడతాడు. కొడుకు హైదరాబాదులోనో, పూణేలోనో, రాయ్‌పూర్‌లోనో అద్దెకు దిగి, ఉండాల్సిన దానికంటే తక్కువ రోజులు ఉండి బాకీ పడతాడు. ఒకరిది గడువు దాటిన కష్టం, ఒకరిది గడువు తీరకముందే లేచిన కష్టం. ఇద్దరి డబ్బూ ఇంటి యజమాని చేతిలోనే ఉంటుంది. తండ్రిది గ్రాట్యుటీ, కొడుకుది అడ్వాన్సు. ఎంత బాకీయో చెప్పేది కూడా ఆ డబ్బు పట్టుకున్నవాళ్లే కావడం దగ్గరే నా బాధంతా ఉంది.

ముందు తండ్రి సంగతి చెప్తాను.

గ్రాట్యుటీ అనేది 1972 చట్టంతో వచ్చిన హక్కు. చివరి నెల మూల జీతం, కరువు భత్యం కలిపి 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో హెచ్చవేస్తే వచ్చేది. అరవై వేలు మీద ముప్పై ఏళ్ల సర్వీసంటే 10,38,461 రూపాయలు. 2018 మార్చి 29న చట్టంలో దీని గరిష్ఠ పరిమితి 20 లక్షలకు పెరిగింది. ముప్పై రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ ఇవ్వాలి అని కూడా చట్టంలోనే ఉంది. ఊళ్లో ఇల్లు కట్టుకోవడానికి, ఆడపిల్ల పెళ్లికి, పాత అప్పు తీర్చడానికి మా వాళ్లు ముప్పై ఏళ్లు మనసులో దాచుకున్న డబ్బు ఇదే.

భిలాయి కర్మాగారాన్ని నడిపే సెయిల్‌కు మాత్రం 1978 నాటి సొంత గ్రాట్యుటీ నియమాలున్నాయి. క్వార్టరు ఖాళీ చేయకపోతే గ్రాట్యుటీ ఆపవచ్చనీ, అలా అనధికారంగా ఉన్న కాలానికి వడ్డీ అడగకూడదనీ వాటిలో ఉంది. దానిమీద పీనల్ రెంటు వేరే. మామూలు అద్దెకు ఎన్నో రెట్లు ఉండే ఆ అద్దె నెల నెలా పేరుకుపోయి, చివరికి గ్రాట్యుటీలోంచి తెగుతుంది.

ఇది న్యాయమేనా అని ఇక్కడి మనిషి ఒక్కడే అడగలేదు. సుప్రీంకోర్టు కూడా పాతికేళ్లపాటు ఇటూ అటూ తూగుతూ వచ్చింది. 1994లో ఆదాయపు పన్ను శాఖ ఉద్యోగి ఆర్. కపూర్ కేసులో, ప్రభుత్వ ఇల్లు ఖాళీ చేయలేదని గ్రాట్యుటీ ఆపడం తప్పంటూ 18 శాతం వడ్డీ ఇమ్మంది. 2001లో గోరఖ్‌పూర్ విశ్వవిద్యాలయం కేసులో, పీనల్ రెంటు పేరుతో రిటైరైన అధ్యాపకుడి సొమ్ము పట్టుకోకూడదంది. మళ్లీ 2005లో ఓఎన్‌జీసీ కేసులో, గడువు దాటి ఉంటే ఆ అద్దె గ్రాట్యుటీలోంచి మినహాయించుకోవచ్చంది. 2020 డిసెంబరులో మనకు దగ్గర చుట్టమైన బొకారో ఉక్కు కర్మాగారం కేసు వచ్చింది. సెయిల్ వర్సెస్ రాఘబేంద్ర సింగ్. జార్ఖండ్ హైకోర్టు మామూలు అద్దె మాత్రమే తీసుకోమంటే, సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. గడువు దాటి ఉన్నందుకు పీనల్ రెంటు సహజమైన ఫలితమనీ, దాన్ని గ్రాట్యుటీతో సహా రావలసిన సొమ్ములో సర్దుబాటు చేసుకోవచ్చనీ తేల్చింది.

కాబట్టి ఇవాళ నందినిలో ఎవరైనా నన్ను అడిగితే ఒకటే చెప్తాను. పాత తీర్పుల మీద ఆశ పెట్టుకుని క్వార్టరులో కూర్చోవద్దు. టీ కొట్టు దగ్గర ఇంకా 1994 నాటి మాట తిరుగుతుంది. గ్రాట్యుటీ ముట్టుకోలేరంట, కోర్టు చెప్పిందంట అని. ఆ మాట నమ్మి రెండేళ్లు ఉండిపోయినవాడికి తరవాతి తీర్పు ఎవరూ వచ్చి చదివి వినిపించరు.

కంపెనీ వైపు మాటలోనూ నిజం ఉంది. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇళ్లు కావాలి. క్వార్టర్లను పట్టుకుని బయటివాళ్లకు కిరాయికి ఇచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లవల్లే నియమాలు బిగిశాయి. కానీ బిగిసిన ఉరి ముందుగా తగిలింది నిజంగా ఎక్కడికీ పోలేనివాడికి. ఊళ్లో ఇల్లు కట్టాలంటే గ్రాట్యుటీ చేతికి రావాలి. గ్రాట్యుటీ చేతికి రావాలంటే ఇల్లు ఖాళీ చేయాలి. శ్రీకాకుళం దగ్గర పల్లెలో అన్నదమ్ముల వాటా పోగా మిగిలిన ఒక గది, దానిమీద ఊడిన పెంకులు. అక్కడికి ముసలి తల్లినీ, చదువుకునే పిల్లనీ తీసుకుపోలేడు. ఇక్కడ ఉండలేడు. పదవీ విరమణ నాటికి రెండో ఇల్లు సిద్ధంగా ఉండేంత జీతం ఖదాన్‌లో అందరికీ రాలేదు.

ఇంకో లెక్క ఎవరూ వేయరు. పది లక్షల ముప్పై ఎనిమిది వేలు బయట నిలిచిపోతే, బ్యాంకులో ఏడు శాతం వచ్చేదనుకున్నా నెలకు ఆరు వేలు పోయినట్టే. ఏడాదికి డెబ్బై రెండు వేల పైచిలుకు. అది ఏ బిల్లులోనూ కనిపించని అద్దె. పైన కనిపించే పీనల్ రెంటు వేరు. రెండూ కలిపితే అహివారాలోనో ఖుర్సీపార్‌లోనో మంచి ఇల్లే అద్దెకు దొరికేది. గడువు దాటి ఉంటే పీనల్ రెంటు తీసుకోవడం నాకు అర్థమవుతుంది. దాన్ని తీసుకుంటూనే, అంతకు ఎన్నో రెట్ల సొమ్మును వడ్డీ లేకుండా ఆపి ఉంచడం మాత్రం ఒకే తప్పుకు రెండు శిక్షలు వేయడమే అని నమ్ముతాను. బాకీ ఎంతో అంత ఆపి, మిగతాది ఆ ముప్పై రోజుల్లో ఇచ్చేస్తే, ఆ డబ్బుతోనే మనిషి వేరే గూడు వెతుక్కుని క్వార్టరు తాళం తెచ్చిస్తాడు.

ఆశ కూడా మా వాళ్లను ఇక్కడ కట్టేసింది. 2000ల మొదట్లో సెయిల్ కొన్ని క్వార్టర్లను దీర్ఘకాలిక లీజుకు ఇచ్చింది. అప్పుడు దొరికినవాళ్లు భిలాయిలో స్థిరపడ్డారు. మళ్లీ లీజు వస్తుంది, మనకూ వస్తుంది అన్న మాట ఆనాటి నుంచీ చెవినబడుతూనే ఉంది. ఒక పండగ నుంచి ఇంకో పండగకి, ఒక ఎన్నిక నుంచి ఇంకో ఎన్నికకి ఆ మాటతోనే గడిపిన ఇళ్లు నాకు తెలుసు. గోడకు సొంత డబ్బుతో సున్నం వేయించుకున్నారు, వెనక రేకుల షెడ్డు దింపుకున్నారు, మునగ, కరివేపాకు, మామిడి పెంచుకున్నారు. ఖాళీ చేసేనాడు వీటిలో ఒక్కదానికీ లెక్క కట్టి ఇచ్చేవాళ్లు లేరు. పైగా, అనుమతి లేకుండా కట్టింది తీసేసి వెళ్లమంటారు.

మాట వినకుండా ఉండిపోతే ఏం జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. కంపెనీ క్వార్టర్లు 1971 నాటి పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం కిందికి వస్తాయి. ఎస్టేట్ ఆఫీసరు ముందు నోటీసు ఇస్తాడు, జవాబు అడుగుతాడు. తరవాత ఖాళీ చేయమని ఉత్తర్వు ఇస్తాడు. ఉండిపోయిన కాలానికి ఎంత కట్టాలో విడిగా తేలుస్తాడు. మామూలు సివిల్ కోర్టుకు దీనిలో తలదూర్చే వీల్లేదు. అప్పీలు జిల్లా జడ్జి దగ్గరే, దానికి గడువు పన్నెండు రోజులే. హిందీలో, ఇంగ్లీషులో ఉన్న ఆ నోటీసును తెలుగు మాత్రమే చదవగల ఒక విధవరాలు పక్కింటి కుర్రాడి చేత చదివించుకునేసరికే అందులో సగం రోజులు పోతాయి. ఉద్యోగంలో ఉండగా భర్త పోయిన ఇళ్లలో ఈ కష్టం మరీ ఎక్కువ. నోటీసుకు జవాబు ఇవ్వకపోవడం మా వాళ్లు చేసే పెద్ద పొరపాటు. పిల్ల పరీక్ష ఫలానా తేదీన అయిపోతుంది, ఫలానా తేదీకి ఖాళీ చేస్తాను అని ఒక కాగితం రాసి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకుంటే, చెప్పుకోవడానికి చేతిలో ఒక ఆధారమైనా ఉంటుంది.

ఇక కొడుకు సంగతి.

నందిని బడిలో చదివి, భిలాయిలోనో దుర్గ్‌లోనో ఇంజనీరింగ్ చేసి బయటికి వెళ్లిన పిల్లలకు ఇల్లంటే కంపెనీ ఇల్లే తెలుసు. అద్దె అగ్రిమెంటు ఎప్పుడూ చూసి ఉండరు. నగరంలో మొదటి ఇల్లు తీసుకునేటప్పుడు యజమాని ఇచ్చిన స్టాంపు కాగితం మీద చదవకుండానే సంతకం పెడతారు. పదకొండు నెలల అగ్రిమెంటు, రెండు నెలల అడ్వాన్సు, అందులో ఎక్కడో లాకిన్ పీరియడ్ అనే మాట. ఆ గడువు లోపల వెళ్లిపోతే మిగిలిన నెలల అద్దె మొత్తం కట్టాలని రాసి ఉంటుంది.

పదకొండు నెలలే ఎందుకంటే, ఏడాది దాటే లీజును తప్పకుండా రిజిస్టరు చేయించాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఒక నెల తగ్గిస్తే ఆ ఖర్చూ తిరుగుడూ తప్పుతాయి. ఏడాదికి మించి రాసుకుని రిజిస్టరు చేయించకపోతే అందులోని షరతులకు కోర్టులో సాక్ష్యంగా విలువ ఉండదు. ఇల్లు నెలవారీ అద్దెకు ఇచ్చినట్టే లెక్కిస్తారు. అప్పుడు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం ఎవరు విడిపోవాలన్నా పదిహేను రోజుల నోటీసు చాలు. ఛత్తీస్‌గఢ్‌లో 2011 నాటి అద్దె నియంత్రణ చట్టం మాత్రం అద్దెకు రాతపూర్వక ఒప్పందం ఉండాలంటుంది. నోటి మాట మీద ఇల్లు ఇచ్చిపుచ్చుకునే మా ఊళ్లలో ఆ చట్టం పేరు విన్నవాళ్లు తక్కువ.

ఎనిమిది వేల అద్దె ఇల్లు అనుకుందాం. పదహారు వేలు అడ్వాన్సు. పదకొండు నెలలకు రాసుకున్నారు. ఐదు నెలలకే ఉద్యోగం వేరే ఊరికి మారింది. అగ్రిమెంటు చూపించి యజమాని అడిగేది మిగిలిన ఆరు నెలలకు నలభై ఎనిమిది వేలు. కుర్రాడు హడలిపోయి, పోనీ అడ్వాన్సు వదిలేస్తాను, నన్ను వదిలెయ్యండి అంటాడు. నూటికి తొంభై చోట్ల కథ అక్కడితో ముగిసిపోతుందని నా నమ్మకం.

చట్టం అలా చూడదు. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం, ఒప్పందం మీరితే ఇంత కట్టాలని ఒక మొత్తం రాసుకున్నా, అది పై హద్దు మాత్రమే. ఆ హద్దు లోపల న్యాయమైన నష్టపరిహారమే ఇప్పిస్తారు. 1963లో ఫతే చంద్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరించింది. 2015లో కైలాష్ నాథ్ కేసులో ఇంకా స్పష్టంగా, అసలు నష్టమే జరగనప్పుడు ముందుగా కట్టించుకున్న సొమ్మును మింగేయడం కుదరదంది. ఆ కేసు అద్దె ఇంటిది కాదు, ఢిల్లీలో స్థలం వేలానిది. కానీ అందులో చెప్పిన సూత్రం అడ్వాన్సులకూ వర్తించేదే. 73వ సెక్షను వివరణలో ఇంకో మాట ఉంది. నష్టం లెక్కకట్టేటప్పుడు, ఆ నష్టాన్ని తగ్గించుకోవడానికి ఎదుటివాడి చేతిలో ఉన్న మార్గాలను కూడా చూడాలి అని. అంటే టు-లెట్ బోర్డు పెట్టి మరొకరిని చూసుకోవలసిన పని యజమానికీ ఉంది.

మన కుర్రాడి ఇంట్లో ఇరవై రోజులకే కొత్తవాళ్లు దిగారనుకోండి. యజమానికి నిజంగా పోయింది ఇరవై రోజుల అద్దె, అంటే 5,333 రూపాయలు. బ్రోకరుకు మళ్లీ ఇచ్చి ఉంటే అది, విరిగిన కుళాయి ఉంటే అది కలపాలి. నోటీసు కాలం నెల అని రాసుకుని, చెప్పకుండా వెళ్లి ఉంటే దాని లెక్క దానికి ఉంటుంది. కొత్త కిరాయిదారుకు తాళం ఇచ్చిన రోజుతో పాత లీజును యజమాని తానే వదులుకున్నట్టు. ఆ తరవాతి నెలలకు ఇద్దరి దగ్గరా అద్దె పుచ్చుకునే హక్కు ఎవరికీ లేదు. గోడల రంగు సంగతి కూడా అంతే. వాడకంతో సహజంగా వచ్చే అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాడని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను చెబుతుంది. అగ్రిమెంటులో విడిగా ఒప్పుకుని ఉంటే తప్ప, పెయింటింగ్ పేరుతో నెల అద్దె కోసుకోవడం ఆచారమే, హక్కు కాదు.

లాకిన్ మాటను పూర్తిగా తేలిగ్గా తీసుకోమని నేను చెప్పడం లేదు. ఇద్దరూ తెలిసి రాసుకుని, రిజిస్టరు చేసి, యజమాని ఆ ధైర్యంతోనే ఇంటిమీద ఖర్చు పెట్టి, తరవాత నెలల తరబడి ఇల్లు ఖాళీగా ఉండిపోయి ఉంటే, ఆ నష్టంలో పెద్ద భాగమే కట్టాల్సి రావచ్చు. రిటైరై ఒక ఇంటి అద్దె మీదే బతికే యజమానులూ ఉంటారు. వాళ్లలో నందిని నుంచి వెళ్లి విజయనగరంలో ఒక పోర్షను కట్టుకుని కిందది అద్దెకిచ్చినవాళ్లూ ఉంటారు. వాళ్ల నష్టం కూడా నష్టమే. ఎంత నష్టమో లెక్క చూపించి తీసుకోవాలన్నదే నా పట్టు.

మా పిల్లల్లో కొందరు ఇంకా దూరం వెళ్లారు. టెక్సస్‌లో అపార్టుమెంటు లీజు మధ్యలో వదిలితే రీలెట్టింగ్ ఫీజు అంటారు, చాలా లీజుల్లో అది ఒక నెల అద్దెలో 85 శాతం ఉంటుంది. అక్కడి చట్టం ప్రకారం యజమాని కొత్తవాళ్లను చూసుకునే ప్రయత్నం చేయాలి, చేయనక్కరలేదని లీజులో రాసుకున్నా చెల్లదు. ఇల్లు అప్పజెప్పాక ముప్పై రోజుల్లో డిపాజిట్టు తిరిగిరావాలి, కోతలుంటే పద్దుల వారీగా రాసివ్వాలి. జర్మనీలో గడువు లేని లీజుకు కిరాయిదారు మూడు నెలల నోటీసు ఇస్తే సరిపోతుంది. అక్కడ కట్టేది తక్కువని కాదు, ముందే తెలుస్తుంది. మన దగ్గర 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలలు మించకూడదంది. గడువు దాటి ఉంటే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తరవాత నాలుగు రెట్లు అని అంకెలతో సహా రాసింది. ముందే వెళ్లేవాడి సంగతి ప్రధానంగా ఒప్పందానికే వదిలేసింది. అదీ రాష్ట్రాలు చట్టంగా చేసుకున్నచోటే.

నేనూ ఒకసారి ముందే వెళ్లినవాణ్ణి. హైదరాబాదులో ఏడో నెలలో ఇల్లు వదిలాను. నందినిలో అమ్మకు ఒంట్లో బాగాలేక, సామాను రెండు రోజుల్లో సర్దేసి, తాళం కింది పోర్షను వాళ్ల చేతిలో పెట్టి రైలెక్కాను. ఫోనులో యజమానికి చెప్పాను, సరే బాబూ, తరవాత చూద్దాం అన్నారు. నెల తరవాత అడ్వాన్సు అడిగితే, మీరు ఖాళీ చేసినట్టు నాకు తెలియనే తెలియదు, ఆ నెల అద్దె కూడా మీదే, రంగులకు ఒక నెల, అంతటితో సరి అన్నారు. ఆ ఇంట్లో అప్పటికే వేరేవాళ్ల బట్టలు ఆరుతున్నాయని కింది పోర్షను ఆవిడే నాకు చెప్పింది. చెప్పింది గానీ సాక్ష్యం చెప్పలేనంది, ఆవిడా ఆ ఇంట్లోనే అద్దెకుంది మరి. ఏ రోజు తాళం ఇచ్చానో చూపించడానికి నా దగ్గర చిన్న కాగితం ముక్క లేదు. కనీసం ఒక మెసేజ్ కూడా పెట్టలేదు. లాయరు దగ్గరికి వెళ్తే ఆయన ఫీజే ఆ సొమ్ములో సగం. వదిలేశాను. డబ్బు పోయిన బాధ కంటే, ఆ యజమాని నన్ను ఎగ్గొట్టి పారిపోయినవాడిలా మాట్లాడడమే ఎక్కువ రోజులు గుచ్చుకుంది.

అప్పుడు నాన్న ఒక మాటే అడిగారు. "తాళం ఇచ్చినప్పుడు కాగితం మీద తారీఖు ఏయించుకోలేదేట్రా?"

ఆయన క్వార్టరు ఖాళీ చేసిన రోజు నాకు బాగా గుర్తుంది. దిగిపోవడానికి ఏడాది ముందు నుంచే అమ్మతో చెప్తూ వచ్చారు, మనం గడువు లోపలే వెళ్లిపోవాలి అని. చెల్లి చదువు ఆ వేసవికే అయ్యేలా వచ్చింది, అది మా అదృష్టం. అందరికీ అలా కలిసిరాదు. వెనక షెడ్డు రేకులు ఆయనే విప్పి, మేకులు కూడా డబ్బాలో వేసి, లారీలో ఊరికి పంపారు. ఫ్యాన్లు ఎన్ని, స్విచ్చులు ఎన్ని, కుళాయిలు ఎన్ని అని తెలుగులో ఒక పట్టీ రాసుకుని, దాన్ని నా చేత హిందీలో తిరగరాయించారు. కరెంటు మీటరు రీడింగు రాయించారు. తాళం ఇచ్చిన చోట రసీదు అడిగితే అక్కడి గుమాస్తా రేపు రండి అన్నాడు. నాన్న కోపగించుకోలేదు, బెంచీ మీద కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి, మూడయింది. చివరికి ఆ గుమాస్తాయే పిలిచి సంతకం పెట్టి, ముద్ర కొట్టి, తారీఖు వేసి ఇచ్చాడు. అమ్మ బయట కరివేపాకు చెట్టు దగ్గర నిలబడి, పక్కింటి సాహూగారి భార్యకు దాని సంగతి చెప్తోంది. ఎండాకాలం రెండుపూటలా నీళ్లు పొయ్యాలి, చివర్లు తుంచుతూ ఉండాలి అని.

నందినిలో ఇప్పుడు చాలా క్వార్టర్లు అలాగే ఖాళీగా ఉన్నాయి. తలుపులు ఊడి, గచ్చు మీద రావి మొక్కలు లేచి. రాయి తీసేసిన గనుల నేల మీద 2021లో రాష్ట్ర ప్రభుత్వం అడవి పెంచడం మొదలుపెట్టింది. పోయినసారి వెళ్లినప్పుడు మా పాత వీధిలో ఒక పెద్దాయన కనిపించారు. ఆయనది పాలకొండ దగ్గర ఊరు. ఇంకో నాలుగు నెలల్లో దిగిపోతారు. బాబూ, నువ్వు చదువుకున్నవాడివి, ఉంటే ఏటవుతాది, ఎల్తే ఏటవుతాది, సరిగ్గా చెప్పు అన్నారు. కూర్చుని ఇద్దరం లెక్క వేశాం. గ్రాట్యుటీ ఎంత వస్తుంది, ఎన్నాళ్లు ఆగితే ఎంత పోతుంది, ఖుర్సీపార్‌లో రెండు గదులకు అద్దె ఎంత, ఊళ్లో కప్పు వేయడానికి ఎంత. చిన్న మనవరాలి పాత నోటుబుక్కు వెనక అట్ట మీద అంకెలు వేసుకుంటూ పోయారు. ఎప్పుడు ఖాళీ చేస్తారని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, ఒక తారీఖు రాసి, దాని చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీత గీశారు.